అమ్మవారిని దాటి రాదు

మా కొట్లో ప్రతి సరుక్కీ ఒక కాలం ఉంటుంది. నరసాపురం బజార్లో స్టీలు సామాన్ల కొట్టు మాది. పెళ్ళిళ్ళ రోజుల్లో బిందెలు పోతాయి, ఆవకాయ రోజుల్లో మూత బిగువుగా ఉండే డబ్బాలు పోతాయి, కార్తీకంలో పూజ పళ్ళాలు, బళ్ళు తెరిచే ముందు టిఫిన్ క్యారేజీలు. మూఢం వచ్చిందంటే ఇక ఈగలు తోలుకోవడమే. నిజం చెప్పాలంటే ఆ పనీ ఉండదు. స్టీలు మీద ఈగ కూడా నిలవదు, జారిపోతుంది. అలా పెరిగినవాణ్ణి కాబట్టి, ఏడాది పొడుగునా గిరాకీ ఉండే సరుకు లోకంలో ఒకటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. మా అక్క సముద్రం దగ్గర ఇల్లు కట్టి, అందులో రెండు గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టాక నమ్మాను. ఇప్పుడు నమ్మకంతో పాటు కొంచెం భయం కూడా ఉంది.

అక్క బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఉద్యోగమంతా బదిలీలే. పుట్టింటి గుమ్మం నాన్నది, అత్తింటి గుమ్మం మామగారిది, ఆ తరవాత తొక్కిన గుమ్మాలన్నీ ఇంటివాళ్ళవి. బావ పోయాక, రిటైరయ్యాక, చేతికొచ్చినదంతా ఒకచోట పెట్టి తనదంటూ ఒక గుమ్మం కట్టుకోవాలనుకుంది. పిల్లల్లేరు. అది పోతే ఇంకోటి కట్టుకునే ఓపిక లేదు, వయసూ లేదు. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు.

పంటు మీద గోదావరి దాటి, సముద్రం వైపు కొబ్బరితోటల మధ్య నుంచి వెళితే, ఒక మత్స్యకారుల పేట పక్కన స్థలం అమ్మకానికుందని తెలిసింది. ఇద్దరం వెళ్ళాం. స్థలం బాగానే ఉంది. ముందు ఒక రిసార్టు వాళ్ళ కాటేజీల వరస, దాని ముందు సరుగుడు తోట, ఆ తోట దాటాక ఇసకలో తాటాకు గుడిసె ఒకటి, పక్కనే వెదురు గడకి ఎర్ర గుడ్డ. అదీ వాళ్ళ అమ్మవారి గుడి. సముద్రం ఆ గుడికి కూడా అవతల ఎక్కడో గీతలా ఉంది.

"సముద్రం పైకి రాదు కదా?" అని పేట పెద్దాయన్ని అడిగాను. వలకి ముడి వేసుకుంటున్నాడాయన. తలెత్తలేదు.

"బెంగెట్టుకోకండి బాబూ. మా అమ్మవారిని దాటి సముద్రం రాదండి. ఇంతవరకూ రాలేదండి."

"ఒక్కసారి కూడానా?"

"ఆయ్. మా తాత చెప్పేవోడండి. ఆళ్ళ తాత కూడా చెప్పేవోడంట."

నేను గ్యారంటీ కార్డు లేని కుక్కరు కూడా అమ్మను. ఇక్కడ తరతరాల గ్యారంటీ నోటి మాటగా దొరికింది. అక్క వైపు చూశాను, అక్క నా వైపు చూసింది, ఇద్దరం ఒకేసారి తలూపాం. వ్యాపారస్తుడూ, పంతులమ్మా కలిసి తలూపితే ఇక ఆ లెక్కలో తప్పుంటుందని ఎవరనుకుంటారు?

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి కనబడాల్సింది. ఆ చుట్టుపక్కల కల్లుపాకతో సహా అన్నిటికీ శ్లాబులు వచ్చేశాయి. అమ్మవారికి మాత్రం తాటాకే. ఎవరో ఎన్నికల ముందు సిమెంటు గుడి కట్టిస్తానంటే పేటవాళ్ళు దండం పెట్టి వద్దన్నారట. "అమ్మకి శ్లాబు పడదండి" అని చెప్పింది, తరవాత్తరవాత అక్కకి చేపలు తెచ్చి, అతిథులకి వంట కూడా చేసిపెట్టిన పేట ఆవిడ. అది భక్తి అనుకుని మేమిద్దరం మురిసిపోయాం.

ఇల్లు లేచింది. అందులో అక్క ప్రాణమంతా వీధి తలుపు మీదే. టేకు తలుపు. నరసాపురంలోనే చేయించింది. తన దగ్గరున్న ఒక లేసు ముక్కని వడ్రంగి ముందు పరిచి, ఆ పువ్వులే రెక్కల మీద దించమంది. "దారంతో అల్లిందాన్ని చెక్కలో అల్లమంటే ఎలాగమ్మా?" అని గొణుగుతూనే అతను చెక్కాడు. గృహప్రవేశం రోజున అక్క ఆ తలుపు ఊరికే తీసి వేసి, తీసి వేసి చూసుకుంది. "ఏంటక్కా, లోపలికొస్తావా, బయటికెళతావా?" అంటే, "నోర్ముయ్యరా. నా తలుపు, నా ఇష్టం. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ తలుపులు చప్పుడు కాకుండా వేశాను" అంది.

గదులు అద్దెకివ్వడం తోచక మొదలుపెట్టింది. శని, ఆదివారాలు నేను స్కూటరు పంటెక్కించి వెళ్ళి, అక్కకి సాయం చేసేవాణ్ణి. సాయం అంటే, అతిథులకి వైఫై పాస్‌వర్డు చెప్పడం, వాళ్ళు మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పడం.

శీతాకాలం నాలుగు రోజులు ఎవరైనా వస్తే గొప్ప అనుకున్నాం. కార్తీకంలో సముద్రస్నానానికి వచ్చారు. మార్గశిరంలో మంచులో ఫొటోలకి వచ్చారు. మాఘంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళి, అక్కడ గదులు దొరక్క మా దగ్గరికి వచ్చారు. వేసవిలో హైదరాబాదు వాళ్ళు ఎండ తప్పించుకుందామని వచ్చి, ఇసకలో ఎండకే పడుకున్నారు. ఆషాఢంలో ఎవరొస్తారులే అని అక్క గదులకి సున్నం వేయించబోయింది. సరిగ్గా అప్పుడే కొత్త జంటలు దిగాయి. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు, కొత్తల్లుడు మామగారి గడప తొక్కకూడదు. మా అక్క గడప ఏ అత్తదీ కాదు, ఏ మామదీ కాదు. శాస్త్రానికి దొరకని గడప అది. శ్రావణంలో గోదావరి ఎర్రబడ్డాక పులస కోసం వచ్చారు. శ్రావణమాసం పూట పులస పేరు ఎత్తలేక, సముద్రం చూడ్డానికొచ్చామని చెప్పుకున్నారు. నోములు పట్టినవాళ్ళు కూడా ఆ వాసన పట్టకుండా ఉండలేకపోయారు.

ఇక ఏడాదిలో మిగిలినవి తుఫాన్లు. అప్పుడైనా తలుపులు మూసుకుని కూర్చుందామనుకుంటే, ఫోను మోగేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. అక్క స్పీకరు పెట్టింది.

"ఏవండీ, టీవీలో చూపిస్తున్నారు. మీ వైపే వస్తోందట కదా?"

"అవునండి. రావద్దండి. వచ్చే వారం చూసుకుందాం."

"అదికాదండి, అలలు ఎంత ఎత్తుండొచ్చు? మీ ముందు గది కిటికీలోంచి కనబడతాయా?"

అక్క ఫోను బల్ల మీద పెట్టి, తడి అంటుకున్నట్టు చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"వీళ్ళు ఎండ కోసం రావట్లేదురా" అంది. "గాలి కోసమూ కాదు. బళ్ళో పిల్లలు బల్ల చివర కూర్చోడానికి కొట్టుకు చచ్చేవారు. మధ్యలో బోలెడు చోటుండేది. పడతారని తెలుసు, పడ్డవాళ్ళని చూశారు. అయినా చివరే కావాలి. అంచు మీద కూర్చుంటే ఏదో సుఖం."

అది విని నేను నవ్వాను గానీ, ఇంటికొచ్చాక ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఏడాది నుంచే అంచు నడవడం మొదలుపెట్టింది.

మొదట సరుగుడు తోట పోయింది. ఒక్కసారిగా కాదు. చెట్టు తరవాత చెట్టు, వేళ్ళు పైకి పెట్టి పడుకున్నాయి. ఆ పక్క కొబ్బరిచెట్లు సముద్రానికి సాష్టాంగం చేసినట్టు తలలు అటే పెట్టి పడ్డాయి. రిసార్టు వాళ్ళు కంగారుగా బండరాళ్ళు తెచ్చి పోశారు. సముద్రం వాటిని సర్దుకుని, వెనక నుంచి వచ్చింది. వాళ్ళ ఈతకొలను గోడ విరిగితే, అందులోకి వచ్చి తనే ఈత కొట్టింది. తరవాత ఒక కాటేజీ, ఆ తరవాత పక్క కాటేజీ. చివరికి ఆ వరస వరసంతా ఇసకలో ఇనప చువ్వలుగా మిగిలింది.

దాంతో మా ఇల్లు మొదటి వరసలోకి వచ్చింది.

నాకు జీవితంలో ఏ వరసలోనూ ముందు చోటు దొరకలేదు. బళ్ళో చివరి బెంచీ, పెళ్ళిలో ఆఖరి పంక్తి, రేషను క్యూలో నా వంతుకి పంచదార అయిపోయేది. అలాంటి వంశం కదలకుండా కూర్చుని మొదటి వరసలోకి వచ్చేసింది. ఆ వారమే మా గదులకి గిరాకీ పెరిగింది. "ముందు అడ్డం ఏమీ లేదు కదండీ?" అని అడిగేవారు. లేదండి అనేది అక్క. ఉన్నదంతా పోయిందండి అని చెప్పినా, "అయితే బావుంటుందండి!" అని సంబరంగా బుక్ చేసుకునేవారు. నేను లెక్కల్లో మందం గానీ ఈ లెక్క నాక్కూడా అర్థమైంది. ముందు వరసని సముద్రం తీసుకెళితే, వెనక వరస ముందు వరస అవుతుంది. ఈ సరుకు ఎప్పటికీ అయిపోదు. అరిగేకొద్దీ కొత్తదవుతుంది. తీరం అంటారు గానీ, తీరేదేమీ కనబడలేదు నాకు.

బావినీళ్ళు ఉప్పగా మారాయి. "పప్పులో ఉప్పు వెయ్యక్కర్లేదు, కలిసొచ్చింది" అన్నాను. అక్క నవ్వలేదు. అల్మరాలో మా కొట్టు స్టీలు గ్లాసులు వరసగా ఉండేవి. పెద్ద అల విరిగినప్పుడల్లా నేలలోంచి ఒక దెబ్బ పైకి వచ్చేది. ఆ గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. స్టీలు చప్పుళ్ళ మధ్య పుట్టి పెరిగాను. మనిషి చెయ్యి పడకుండా గ్లాసులు వాటిలో అవి మాట్లాడుకోవడం మాత్రం మా కొట్లో ఎప్పుడూ వినలేదు.

అయినా ఒక ధైర్యం ఉండేది. అమ్మవారి గుడి మా ముందే ఉంది. తోట పోయినా, కాటేజీలు పోయినా, తాటాకు గుడిసె అలాగే ఉంది, గడకి ఎర్ర గుడ్డ అలాగే ఎగురుతోంది. ఒకరోజు మాత్రం నాకు అనుమానం వచ్చింది.

"అక్కా, ఈ గుడి ఇంతకు ముందు ఇంకా అటు ఉండేది కదా?"

"నీ కళ్ళజోడు మార్చుకోరా."

మార్చుకున్నాను. కొత్త కళ్ళజోడులోంచి గుడి ఇంకా దగ్గరగా కనబడింది. అద్దాల గొప్పతనం అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా అతిథుల్లో రాజమండ్రి దంపతులు ఒకరు ఇల్లు కొంటామన్నారు. బట్టల వ్యాపారం ఆయనది. ఆవిడకి ఆయాసం, సముద్రపు గాలికి కాస్త తెరిపి. అందుకని అన్ని కాలాల్లోనూ మా దగ్గరికే వచ్చేవారు. మంచివాళ్ళు. వచ్చినప్పుడల్లా ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు తెచ్చేవారు. ఆవిడ పొర చెదరకుండా విప్పి, మొదటిది అక్క చేతిలో పెట్టేది. "మీకు ఒంటరిగా కష్టం కదండీ, మాకివ్వండి. మీరెప్పుడొచ్చినా మీ గది మీదే" అనేది.

అక్క చాలా రోజులు ఊగిసలాడింది. చివరికి ఒక ఆదివారం నాతో అంది: "ఇచ్చేస్తానురా. గ్లాసులు మోగుతుంటే నాకు ముద్ద దిగట్లేదు. నరసాపురంలో మీ కొట్టు సందులో చిన్న పోర్షను చూడు. ఈ తలుపొక్కటి అడిగి తెచ్చుకుంటాను."

"తలుపు లేకుండా ఇల్లెవరు కొంటారక్కా?"

"అడుగుతాను. ఇస్తే ఇస్తారు."

నాకు గుండెల మీంచి బరువు దిగింది. వాళ్ళని రమ్మని కబురు చేశాం. ఆషాఢం వెళ్ళాక వస్తామన్నారు. మంచిరోజు చూసుకుని బయలుదేరారు.

ఆ రోజు పొద్దున్నే డప్పులు వినబడ్డాయి. అక్కా నేనూ గేటు దగ్గరికొచ్చాం. పేటంతా కదిలి వస్తోంది. ముందు గరగలు తల మీద పెట్టుకుని ఇద్దరు ఆడుతున్నారు, వెనక వేపరొట్టలు, పసుపునీళ్ళ బిందెలు. నలుగురు మగవాళ్ళు పీటతో సహా అమ్మవారిని మోసుకొస్తున్నారు. గుడి బయట ఆ తల్లిని చూడడం నాకదే మొదలు. చెక్క బొమ్మ. ఉప్పుగాలికి మొహం బీటలు వారింది. ఆ బీటల్లో పసుపు నిండి, నవ్వుతోందో పళ్ళు కొరుకుతోందో తెలియలేదు.

"ఇప్పుడేం జాతర్రా? ఉగాది పోయి ఎన్నాళ్ళైందీ?" అంటూనే అక్క లోపలికి పరుగెత్తి, చెంబుతో నీళ్ళూ, హారతి పళ్ళెమూ తెచ్చింది. ఊరేగింపు ఇంటి ముందు ఆగుతుంది కదా, కాళ్ళు కడిగి హారతివ్వాలి.

ఆగలేదు. అక్క వంగి నీళ్ళు పోసేలోపే అమ్మవారు మా గేటు దాటిపోయింది. మా ప్రహరీ పక్క సందులోకి తిరిగింది. డప్పులు ఇంటి పక్కనుంచి వెనక్కి వెళ్ళాయి. కర్పూరం పళ్ళెంలో వెలుగుతూనే ఉంది. ఎవరికివ్వాలో తెలియక అక్క అలాగే నిలబడింది.

మన చేపలావిడ తల మీద తాటాకుల మోపుతో చివర్న వస్తోంది.

"ఏమ్మా, ఏంటిది? ఎక్కడికి తీసుకెళ్తున్నారు అమ్మవారిని?" అన్నాను.

"అమ్మ జరిగిందండి."

"జరిగిందా? ఎక్కడికి?"

"మీ పెరటి వెనక్కండి. ఆ కొబ్బరితోట మొదట్లో చోటు చూశారండి."

"ఎందుకూ?"

ఆవిడ మోపు సర్దుకుని నా మొహంలోకి చూసింది. వేళాకోళమాడుతున్నానేమో అనుకున్నట్టుంది.

"అదేంటండి బాబుగారూ? అమ్మని దాటి సముద్రం రాదు కదండీ. మరి సముద్రం వస్తంటే అమ్మ జరగాలి కదండీ."

"ఇంతకు ముందు కూడా జరిగిందా?"

"ఆయ్. జరుగుతానే ఉంటదండి. ఇన్నాళ్ళూ మీ ముందు ఇసకలోనే నాలుగేసి అడుగులు జరిగిందండి. లేకపోతే సముద్రం దాటెయ్యదా?"

"మాకెవరూ చెప్పలేదు!"

"ఇది సెప్పేదేంటండి? అమ్మకి శ్లాబు పడదని సెప్పాను కదండీ." డప్పులు దూరమవుతున్నాయని ఆవిడ కంగారుగా నడిచింది. నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది. "టీచరమ్మగారూ, హారతి అటు పట్రండి. అమ్మ ఇప్పుడు మీ వెనకుంది."

గ్యారంటీలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తాతల నాటి నుంచీ సముద్రం అమ్మవారిని దాటి రాలేదు. మా ఇంటి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

అక్క హారతి పట్టుకుని పెరటి వెనక్కి వెళ్ళి ఇచ్చి వచ్చింది. వచ్చి వీధి తలుపు దగ్గర కూర్చుంది. ఎదురుగా ఇంతకు ముందు గుడిసె ఉన్నచోట వెదురు గడ పీకిన గుంట ఉంది. చూస్తుండగానే అందులో నీరు ఊరింది.

అప్పుడే రాజమండ్రి వాళ్ళ కారు వచ్చి ఆగింది. ఆవిడ దిగుతూనే రెండు చేతులూ జోడించింది.

"దారిలో చూశామండి! ఎంత శుభం! మేం బయానా ఇచ్చే రోజునే అమ్మవారు మన గుమ్మం ముందుకి నడిచొచ్చింది."

"ముందుకి కాదండి, వెనక్కి" అంది అక్క.

ఇద్దర్నీ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అక్క చెప్పడం మొదలుపెట్టింది. బళ్ళో పాఠం చెప్పినట్టే, ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. తోట ఎక్కడుండేదో, కాటేజీలు ఎక్కడుండేవో, అమ్మవారు ఎందుకు జరిగిందో. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో తల కూడా ఊపాడు. అంతా అయ్యాక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"అయితే ఆ గుడిసె ఇక అక్కడ ఉండదన్నమాట. బావుందండి. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాం, అదొక్కటే అడ్డం అని. ఇప్పుడు చూడు," అని భార్యని పిలిచాడు, "నేరుగా నీళ్ళే."

"ఇల్లు పోతుందంటున్నానండి నేను" అంది అక్క.

ఆయన పెద్దగా నవ్వాడు. నన్ను చూసి కన్ను కొట్టాడు. "చూశారా? మీరూ నేనూ వ్యాపారస్తులం. చీరకి అంచు బావుందని చెప్పి అమ్ముతాం. మీ అక్కగారు చిరుగుందని చెప్పి రేటు పెంచుతున్నారు! సరేనండి, అనుకున్నదానికి కాస్త ఎక్కువే ఇస్తాం."

"రేటు కాదండి…"

"మా కాలానికి ఉంటే చాలండి. ఇంకెన్నాళ్ళుంటాం మేం మాత్రం?"

నేను అక్కని వంటింట్లోకి లాక్కెళ్ళాను. "అక్కా, దాచకుండా చెప్పావు. విన్నారు. ఇంక మన మీద తప్పేముంది? ఒప్పేసుకో. ఈ రోజు దాటితే ఈ ఇల్లు ఎవరికీ అక్కర్లేదు. నీకింకేం మిగల్దు."

"విన్నారు. తలకెక్కలేదురా" అంది అక్క. "ఎంతమందికి చెప్పలేదు నేను? విన్న మొహం వేరు, అర్థమైన మొహం వేరు."

"అర్థం కాకపోతే వాళ్ళ ఖర్మ."

ముందు గదిలోంచి ఆవిడ గొంతు వినబడింది, భర్తతో అంటోంది: "ఈ గది మన మనవరాలికి. మంచం కిటికీ కిందే వేద్దాం. సెలవులకొస్తే అలలే దానికి జోలపాట." అంతలో బయట ఒక పెద్ద అల విరిగింది. నేల కింది నుంచి దెబ్బ తగిలింది. అల్మరాలో గ్లాసులు మోగాయి. "అబ్బ! గజ్జెల్లా ఎంత బావుందో!" అందావిడ.

అక్క వంటింట్లోంచి బయటికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించింది.

"నేను ఇల్లు అమ్మనండి. మీకే కాదు, ఎవరికీ అమ్మను. తెచ్చిన పూతరేకులు తిని వెళ్ళండి."

వాళ్ళు నొచ్చుకున్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన ఇంకొంచెం రేటు పెంచి, ఇంకొంచెం పెంచి, చివరికి కోపంగా లేచాడు. వద్దన్నకొద్దీ ఆ ఇల్లు ఆయనకి ఇంకా అందంగా కనబడుతోందని మొహంలో తెలిసిపోతోంది. సాగనంపడానికి నేను కారుదాకా వెళ్ళాను. ఆయన కారెక్కలేదు. మా ప్రహరీ పక్క సందులోంచి వెనక్కి నడిచాడు. కొత్త తాటాకు గుడిసెకి ముడులు వేయిస్తున్న పేట పెద్దాయన దగ్గర ఆగాడు.

"ఈ వెనక కొబ్బరితోట ఎవరిదండీ? అమ్ముతారా?"

"అడిగితే అమ్ముతారండి."

"సముద్రం ఇక్కడిదాకా రాదు కదా?"

"మా అమ్మవారిని దాటి రాదండి. ఇంతవరకూ రాలేదండి."

నేను అరిచినంత పని చేశాను. "జరుగుతుందని కూడా చెప్పండి పెద్దాయనా!"

"ఆయ్, జరుగుద్దండి" అన్నాడాయన, దాచేదేముందన్నట్టు.

రాజమండ్రి ఆయన నా భుజం తట్టాడు. "మీ అక్కాతమ్ముళ్ళు మరీ భయస్తులండి" అని నవ్వి, తోట కొలత అంచనా వేసుకుంటూ కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్ళిపోయాడు.

అక్క ఆ నెలాఖరుకి గదులు ఇవ్వడం మానేసింది. గ్లాసులు చేపలావిడకి ఇచ్చేసింది. వడ్రంగిని పిలిపించి టేకు తలుపు ఊడదీయించింది. రెండు రెక్కలూ, ద్వారబంధమూ ఆటో మీద వేసుకుని పంటెక్కాం. గోదావరి మధ్యలో గాలి విసురుగా వీస్తుంటే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి అన్నాడు: "గాలొస్తోందండి, ఆ తలుపు కాస్త వేసుకుందురూ!" పంటంతా నవ్వింది. నేనూ నవ్వాను. అక్క తలుపు మీద చెయ్యి వేసి, లేసు పువ్వుల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ కూర్చుంది.

ఇప్పుడు అక్క మా కొట్టు మీది గదిలో ఉంటోంది. ఆ గదికి రేకు తలుపుంది, దాని గుమ్మం కొలతకి టేకు తలుపు పట్టలేదు. అందుకని అది కొట్లో, బిందెల వెనక గోడకి ఆనించి ఉంది. కొనడానికొచ్చినవాళ్ళు దాన్ని చూసి బావుందంటారు, ఎంతకిస్తారని అడుగుతారు. అక్క మెట్ల మీంచి "అది అమ్మకానికి కాదండి" అని కేకేస్తుంది. మా కొట్లో ఏడాది పొడుగునా గిరాకీ ఉన్న సరుకు ప్రస్తుతం అదొక్కటే.

మొన్నామధ్య అక్క ఒకసారి చూసొద్దామంది. వెళ్ళాం. ప్రహరీ ముందు భాగం లేదు. ముందు గది నేల ఒక మూల కుంగింది. అమ్మవారి తాటాకు గుడిసె వెనక, కొబ్బరితోటలో, రాజమండ్రి వాళ్ళ ఇంటికి స్తంభాలు లేచాయి, శ్లాబూ పడింది. మేడ మీద పిట్టగోడ కూడా కట్టారు, సముద్రం వైపు. గుడిసె చుట్టూ పేటవాళ్ళు నలుగురు నిలబడి, ఆ స్తంభాలకి ఇంకా వెనకవైపు చేతులు చూపించుకుంటూ ఏదో మాట్లాడుకుంటున్నారు.

అక్క ఇంటి పక్క సందులో ఒక కారుంది. పెరటివైపు నుంచి లోపలికి వెళ్ళాం. తలుపు తీసేసిన ఖాళీ గుమ్మంలో, పెళ్ళి కుదిరిన జంట ఒకటి పట్టుబట్టల్లో నిలబడి ఉంది. వాళ్ళ వెనక, కూలిన ప్రహరీలోంచి, గుమ్మం నిండా సముద్రం. ఫొటోగ్రాఫరు వెనక్కి వెనక్కి నడుస్తూ, "సూపరండి, అలాగే, కదలకండి" అంటున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఏవండీ, మీరు ఇక్కడివాళ్ళేనా? ఈ లొకేషన్ ఎవరిదండీ? మాకు ఇంకా షూట్లున్నాయి, ఏడాదికి మాట్లాడుకుందామని. ఓనరుగారు ఎక్కడుంటారు?"

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ గుమ్మంలోంచి సముద్రం వైపు చూసింది.

"దారిలో ఉన్నారండి" అంది. "వచ్చేస్తున్నారు."

అతను పెరట్లోకి వచ్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు వైపు చూశాడు.